టెన్షనుకు మూలం వెతికిన డాక్టర్ హాన్స్ సెల్యే



నెల మొదటి వారంలో మనం నలుగురం కలిస్తే వచ్చే మొదటి మాట పెన్షన్, రెండో మాట టెన్షన్. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఆ రెండో మాట వెనుక ఉన్న ఒక మహానుభావుని జీవితం రాయాలనిపించింది.

హాన్స్ సెల్యే 1907లో వియన్నా నగరంలో జన్మించారు. తండ్రి హంగేరీకి చెందిన సైనిక వైద్యుడు. సెల్యే ప్రేగ్ నగరంలో వైద్యం చదివే రోజుల్లో ప్రొఫెసరు గారు రోగులను చూపి, ఏ జబ్బుకు ఏ ప్రత్యేక లక్షణమో చెప్పేవారు. ఈ కుర్రవానికి మాత్రం వేరొక సంగతి తోచింది. జబ్బు ఏదైనా అందరి ముఖాలూ ఒకేలా వాడిపోయి ఉన్నాయి. అందరికీ ఆకలి మందగించింది, ఒళ్లు నొప్పులు, నీరసం. ఇదొక విశేషమా అని పెద్దలు కొట్టిపారేశారు. ఆయనా మరచిపోయారు.

1930లలో ఆయన కెనడాలోని మాంట్రియల్ చేరి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హార్మోన్లపై పరిశోధన మొదలుపెట్టారు. అండాశయాల సారాన్ని ఎలుకలకు ఎక్కించి చూస్తే మూడు మార్పులు కనిపించాయి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. ఛాతీలోని థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. కడుపులో పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని సెల్యే సంబరపడ్డారు. తీరా చూస్తే వేరే అవయవాల సారం ఎక్కించినా, చివరికి ఫార్మలిన్ ఎక్కించినా అవే మూడు మార్పులు! శ్రమంతా వృథా అయిందని ఆయన కుంగిపోయారు.

అప్పుడు ప్రేగ్‌లో చూసిన ఆ వాడిన ముఖాలు గుర్తుకు వచ్చాయి. దెబ్బ ఏదైనా శరీరం స్పందించే తీరు ఒక్కటేనేమో అనుకున్నారు. ఎలుకలను చలిలో ఉంచారు, అలసిపోయేలా చేశారు. ఫలితం అదే. 1936 జూలై 4న నేచర్ పత్రికలో ఒక చిన్న లేఖగా ఈ సంగతి ప్రకటించారు. ముందు ప్రమాద ఘంటిక, తరువాత తట్టుకోవడం, చివరకు అలసిపోవడం అని మూడు దశలు చెప్పారు. ఇంజనీర్లు వాడే స్ట్రెస్ అనే మాటను తరువాత దీనికి స్థిరపరచారు.

ఇది మన ఆఫీసు ఫైలు నడిచినట్టే నడుస్తుంది. మెదడులోని హైపోథాలమస్ కలెక్టరు గారనుకోండి. ఆయన ఉత్తర్వు పిట్యూటరీ గ్రంథికి, అంటే పెనుకొండ డివిజన్ ఆఫీసుకు వస్తుంది. అక్కడి నుంచి ఎడ్రినల్ అనే తహశీల్దారుకు చేరుతుంది. అక్కడ కార్టిజాల్ తయారై ఒంటికి శక్తినిస్తుంది. పని జరిగినట్టు పైకి రిపోర్టు వెళితే ఉత్తర్వులు ఆగిపోతాయి. రిపోర్టును లెక్కచేయకుండా ఉత్తర్వులు వస్తూనే ఉంటే నిద్ర పోతుంది, బి.పి., షుగరు పెరుగుతాయి.

దీని విలువ నాకు ధర్మవరంలో తెలిసింది. అక్కడ నాతో పనిచేసిన మిత్రుడొకరు రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొడి నెలల తరబడి వాడారు. నొప్పి పోయింది, ముఖం గుండ్రమైంది, కోలుకున్నారని సంతోషించాం. ఒకనాడు పొడి అయిపోయి మానేశారు. కొద్ది రోజుల్లోనే వాంతులు, బి.పి. పడిపోయి స్పృహ తప్పారు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని ఆసుపత్రిలో డాక్టరు గారు చెప్పారు. బయటి మనిషి పని చేసిపెడుతుంటే సొంత గుమస్తా పని మరచిపోయినట్టు, ఆయన గ్రంథులు నిద్రపోయాయన్నమాట. దేవుని దయ వల్ల బతికి బయటపడ్డారు. కనుక పేరు లేని పొడులు వాడకండి. డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలైతే ఒక్కసారిగా మానకండి, వారు చెప్పినట్టే మెల్లగా తగ్గించుకోండి.

సెల్యే 1945లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో చేరి చివరి వరకు శ్రమించారు. వెయ్యికి పైగా పరిశోధన వ్యాసాలు, ముప్పైకి పైగా పుస్తకాలు రాశారు. నోబెల్‌కు పలుమార్లు పేరు వెళ్లినా బహుమతి రాలేదు. ఆయన దగ్గర పరిశోధన చేసిన రోజర్ గిలెమిన్‌కు మాత్రం 1977లో వచ్చింది. ఒక మచ్చ కూడా చెప్పుకోవాలి. సెల్యే పొగాకు కంపెనీల నుంచి సొమ్ము తీసుకుని, టెన్షన్ తగ్గడానికి పొగ తాగడం మేలన్నట్టు మాట్లాడారని తరువాత బయటపడిన కాగితాలు తేల్చాయి. పెద్దవారి మాటైనా కళ్లు మూసుకుని నమ్మరాదని దీనివల్ల తెలుస్తుంది.

1982లో సెల్యే మాంట్రియల్‌లో కన్నుమూశారు. సరిగ్గా పదేళ్లకు, 1992లో, జెరూసలేములో రఫాయెల్ మెషూలం బృందం మెదడులోనే పుట్టే ఒక పదార్థాన్ని కనుగొన్నది. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో ఏ తాళానికి సరిపోతుందో ఇదీ అదే తాళానికి సరిపోతుంది. దానికి మన సంస్కృతంలోని ఆనంద శబ్దంతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఇటువంటివాటిని ఎండోకన్నబినాయిడ్లు అంటారు. ఎలుకలలో కార్టిజాల్ వంటి హార్మోను పెరిగినప్పుడు ఇవి హైపోథాలమస్‌లో విడుదలై, పైనుంచి వచ్చే ఉత్తర్వులను తగ్గిస్తాయని తరువాతి పరిశోధనల్లో తేలింది. సెల్యే గంటను చూపించారు, గంటను ఆపే చేతుల్లో ఇదొకటి. అలాగని గంజాయి మందని ఎవరూ పొరబడవద్దు. అది బయటి నుంచి పడే దెబ్బ, పైగా నేరం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైలులో తిరుగుతూ ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి. రిటైరైనా రాత్రి రెండింటికి ఆడిట్ అభ్యంతరం గుర్తొచ్చి లేచి కూర్చునేవాణ్ణి. ఫైలు ఎప్పుడో మూసేశారు, గంట మాత్రం నాలో మోగుతూనే ఉందని సెల్యే జీవితం చదివాకే అర్థమైంది. ఇప్పుడు సాయంత్రం మిత్రులతో నాలుగడుగులు వేసి, వేళకు పడుకుంటున్నాను. మీరూ ఆ ఫైలు మూసేయండి. శుభం.