మన హైదరాబాద్ మాస్టారు రహీం సాబ్

మా వారి అక్కయ్య కొడుకు టెక్సాస్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అక్టోబరు వచ్చిందంటే వాడి ఫోన్లలో ఒకటే కబురు, హోమ్‌కమింగ్. ఎప్పుడో ఆ కాలేజీలో చదివి వెళ్ళిపోయిన వాళ్ళంతా ఆ వారం తిరిగొస్తారు. సొంత మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది. వారం ముందు నుంచే ఊరంతా ఒకే రంగు చొక్కాలు కనిపిస్తాయి. వాళ్ళ ఫుట్‌బాల్ బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తేది, మనకు తెలిసింది కాలితో ఆడేది. ఆట వేరైనా ఎదురుచూపు ఒకటే.

అలాంటి ఎదురుచూపు కువైట్‌లో మేమూ ఒకసారి చూశాం. 2023 నవంబరు 16, గురువారం. వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో కువైట్‌తో ఆడటానికి ఇండియా టీము ఇక్కడికి వచ్చింది. మనం ఊరికి వెళ్ళలేదు, ఊరే మన దగ్గరికి వచ్చినట్టుంది. సాల్మియాలో, ఫర్వానియాలో, అబ్బాసియాలో ఏ ఇంటికి వెళ్ళినా టికెట్ల మాటే. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. ఖాదిసియా, అరబీ క్లబ్బుల మ్యాచ్‌ల గురించి గంటలు గంటలు మాట్లాడతాడు. ఆ వారమంతా వాడికి ఒకటే సందేహం, తను ఎవరి వైపు అరవాలి? చివరికి నీలం చొక్కానే వేసుకున్నాడు. జాబర్ అల్ అహ్మద్ స్టేడియంలో కూర్చున్నాక మన టీములో మన ఊళ్ళ వాళ్ళెవరని అడిగాడు. ఆ రోజు తెలుగు నేల నుంచి ఒక్క ఆటగాడూ లేడు. మనవాళ్ళు ఫుట్‌బాల్ ఆడరు నాన్నా, మనది క్రికెట్ అని చెప్పేశాను. 75వ నిమిషంలో మన్వీర్ సింగ్ గోల్ కొట్టాడు. ఇండియా 1-0తో గెలిచింది. గొంతు పోయేలా అరిచి ఇంటికొచ్చాం.

నేను చెప్పిన జవాబు ఎంత తప్పో మరుసటి ఏడాది తెలిసింది. 2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగన్ నటించిన మైదాన్ సినిమా వచ్చింది. అది సయ్యద్ అబ్దుల్ రహీం కథ. హైదరాబాద్ మనిషి. సినిమా కదా, కొంత కల్పన ఉంటుందనుకుని, తర్వాత ఆయన గురించి దొరికినవన్నీ చదివాను. చదివేకొద్దీ సిగ్గేసింది. మూడేళ్ళు హైదరాబాద్‌లో ఉండి బీఎస్సీ చదివిన దాన్ని, ఆయన పేరే నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

క్లాసు నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. ఆ రోజుల్లో అక్కడి మంచి ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఆయనొకరు. ఉస్మానియాలో చదువుతున్నవాళ్ళు, చదివి వెళ్ళినవాళ్ళు కలిసి ఎలెవన్ హంటర్స్ అనే టీముగా ఆడేవారు. రహీం అందులో ఉండేవారు. చదువైపోయాక కూడా ఆట కోసం తిరిగొచ్చే కుర్రాళ్ళు మన హైదరాబాద్‌లో అప్పుడే ఉన్నారన్నమాట. తర్వాత ఖమర్ క్లబ్‌కూ ఆడారు.

బతుకుతెరువు మాత్రం పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా ఒక బడి తర్వాత ఒకటి. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఫుట్‌బాల్‌లో ఎంత ఎత్తుకు వెళ్ళినా జనం ఆయన్ని పిలిచింది రహీం సాబ్ అనే. మన భాషలో చెప్పాలంటే మాస్టారు.

ఆయన పిల్లలకు ఆట నేర్పిన తీరు చదువుతుంటే నాకు మా కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తొచ్చింది. ప్రయోగంలో అన్నీ ఒకేసారి మార్చకూడదు, ఒక్కొక్కటి విడదీసి చూడాలి అని మా మేడం చెప్పేవారు. రహీం అదే చేశారు. బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయడం నిషేధించి, కుర్రాళ్ళకు టోర్నమెంట్లు పెట్టారు. అప్పుడు పాస్ ఇవ్వడం తప్ప వేరే దారి ఉండదు. అలవాటు లేని కాలితోనే ఆడాలనే షరతుతో ఇంకొన్ని పోటీలు పెట్టారు. దాంతో కుడి కాలి వాళ్ళకు ఎడమ కాలు, ఎడమ కాలి వాళ్ళకు కుడి కాలు దారికొచ్చాయి. మనిషి ఎంత పరుగెత్తినా బంతి అంతకంటే వేగంగా వెళ్తుంది కాబట్టి, పరుగెత్తాల్సింది బంతి అన్నది ఆయన పద్ధతి. అప్పట్లో మన దగ్గర ఒంటరిగా బంతిని తీసుకెళ్ళి చప్పట్లు కొట్టించుకునే వాడే గొప్ప ఆటగాడు. రహీం ఆ గొప్పను టీముకిచ్చారు.

పోలీసుల టీము, దేశమంతా పేరు

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు ఆ టీమే గెలిచింది. 1950లో, 1954లో డ్యూరాండ్ కప్ కూడా వాళ్ళదే. కలకత్తా పెద్ద క్లబ్బులకు హైదరాబాద్ పోలీసులంటే గుబులుగా ఉండేది.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో హైదరాబాద్ గెలిచింది. మరుసటి ఏడాది ఆ పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. ఫైనల్లో ఎదుటి జట్టు బొంబాయి. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు, గట్టి ప్రత్యర్థి మీద కప్పు నిలబెట్టుకున్నారు. మా అల్లుడు చెప్పే హోమ్‌కమింగ్ సంబరం ఇంతకన్నా పెద్దదై ఉంటుందా అనిపిస్తుంది నాకు.

ఈ టీములన్నీ గొప్పింటి పిల్లలతో తయారైనవి కావు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు. రోజూ హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకు రావడానికి చేతిలో డబ్బు లేదు. రహీం సాబే సైకిల్ ఏర్పాటు చేసి రప్పించుకున్నారు. ఆ బలరామే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడి, దేశంలోని గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడిగా పేరు తెచ్చుకున్నారు.

బూట్లు లేని కాళ్ళు

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలో ఇండియా ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. చలి దేశం. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఇంకొకరైతే తలదించుకుని ఇంట్లో కూర్చునేవారేమో. రహీం నాలుగేళ్ళలో టీమును మళ్ళీ కట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనమే కొట్టి కూడా 4-1తో ఓడాం. బల్గేరియాతో కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లోనూ ఓడి, నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. ఆ టీములో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్ళున్నారు. మనవాళ్ళు ఫుట్‌బాల్ ఆడరని మా అబ్బాయికి నేను చెప్పిన మాట ఈ పేర్లు చదివినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకున్నాం. హంగరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడాం. పదింటికి ఒకటి నుంచి రెండింటికి ఒకటి దాకా ఎనిమిదేళ్ళలో వచ్చిన దూరమది.

జకార్తాలో ఆఖరి పాఠం

1962 నాటికి రహీం ఆరోగ్యం బాగాలేదు. అప్పటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. అయినా టీమును తీసుకుని జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచారు కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. ఆ స్థితిలో జపాన్‌ను 2-0తో ఓడించారు. సెమీస్‌లో రహీం ఎవరూ అనుకోని పని చేశారు. కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసుకొచ్చి ముందు వరసలో గోల్స్ కొట్టే చోట నిలబెట్టారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం.

ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. కానీ అసలు ప్రత్యర్థి గ్యాలరీలో ఉంది. ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వనందుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్న మన అధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో జకార్తా జనం భారతీయుల మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. ఫైనల్ నాటికి మనవాళ్ళు బయట తిరగడానికే జంకే పరిస్థితి. ముందు రోజు రాత్రి రహీం ఆటగాళ్ళను దగ్గరికి పిలిచి, తనకు ఒక్క బహుమతి కావాలని, అది బంగారు పతకమని అడిగారని ఆ టీము వాళ్ళు తర్వాత చెప్పుకునేవారు.

1962 సెప్టెంబరు 4. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు. మన వైపు చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు. పరాయి దేశంలో బతికే మనకు ఈ ముక్క బాగా అర్థమవుతుంది. ఇక్కడ మన పక్క ఫ్లాట్ కరాచీ వాళ్ళు, పై ఫ్లాట్ ఢాకా వాళ్ళు పండగలకు గిన్నెలు మార్చుకున్నట్టే అది. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిప్పికొట్టినా 2-1తో బంగారం మనదే అయింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

రహీం సాబ్ పతకాల టీముతో ఇంటికి తిరిగొచ్చారు. కానీ ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. బంగారం గెలిచి ఏడాది కూడా కాలేదు. పద్మ పురస్కారం ఏదీ ఆయన్ని వెతుక్కుంటూ రాలేదు. కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఒలింపిక్స్‌కు వెళ్ళిన ఆటగాడే, తర్వాత కోచ్ అయ్యారు. 2021లో ఆయనా వెళ్ళిపోయారు.

మా ఇంట్లో మార్పు

ఇది చదివాక నన్ను పట్టుకున్న ఆలోచన ఒకటుంది. 1962లో మనం జకార్తాలో గెలిచేనాటికి కువైట్ స్వతంత్రం వచ్చి ఏడాది దాటిన దేశం. ఇరవై ఏళ్ళకు, 1982లో, కువైట్ వరల్డ్ కప్ ఆడింది. మనం ఇప్పటికీ ఆడలేదు. వాళ్ళకు చమురు డబ్బుంది, నిజమే. కానీ హైదరాబాద్‌లో డబ్బు లేనప్పుడు కూడా ఫుట్‌బాల్ ఉండేది. అప్పుడు ఉన్నదీ తర్వాత లేకపోయిందీ మాస్టారే. రహీం పోయాక ఆయన పద్ధతిని పట్టుకుని పిల్లల దగ్గర నుంచి మొదలుపెట్టేవాళ్ళు కరవయ్యారు.

మా ఇంట్లో ఈ ఏడాది ఒక పేచీ నడిచింది. అబ్బాయి తొమ్మిదో తరగతి. సాయంత్రం ఫుట్‌బాల్ మానిపించి ట్యూషన్‌లో వేయాలని మా వారు, వద్దని వాడు. నేను కూడా మొదట మా వారి వైపే ఉన్నాను. బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్న అమ్మకు పిల్లల మార్కుల మీద ఉండే ఆశ మీకు తెలియనిది కాదు. రహీం సాబ్ కథ నన్ను ఆపింది. పాఠం చెప్పే మనిషే ఆటా నేర్పాడు. ఆయనకు రెండూ వేర్వేరు కాదు. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆట, మిగతా రోజులు ట్యూషన్. మార్కులు ఏమవుతాయో మార్చిలో చూస్తాం. మా వారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, సణుగుతూనే దింపి వస్తున్నారు.

ఇండియా టీము మళ్ళీ కువైట్ వస్తే మేం మళ్ళీ వెళ్తాం. మీరూ రండి. స్టేడియంలో మీ పిల్లలు మనవాళ్ళెవరని అడిగితే, నాలా తప్పు చెప్పకండి. కాచిగూడ బడిలో పాఠాలు చెప్పిన ఒక మాస్టారు ఉండేవారని, దేశానికి రెండు బంగారు పతకాలు తెచ్చారని చెప్పండి. మా వాడికి నేను ఆలస్యంగా చెప్పాను. విన్నాక వాడు అడిగిన మొదటి ప్రశ్న, ఎడమ కాలితో ఆడే పోటీ మన పార్కులో పెట్టుకోవచ్చా అని.