శరీరశిల్పి శాండో

శిల్పి చేతిలో ఉలి, సుత్తి, కొలబద్ద ఉంటాయి. రాయిని ఒక్క దెబ్బతో విగ్రహంగా మార్చగల శిల్పి లేడు. కొలుచుకొంటూ, కొంచెం కొంచెంగా చెక్కుతూ పోతేనే రూపం ఏర్పడుతుంది. తన దేహాన్నే శిలగా ఎంచి, ఈ మార్గంలోనే దానిని తీర్చిదిద్దుకొన్న సాధకుడు యూజెన్ శాండో.

శాండో 1867 ఏప్రిల్ 2న ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. చిన్నతనంలో తాను బలహీనుడినని, తండ్రితో ఇటలీకి వెళ్ళినప్పుడు అక్కడి ప్రాచీన వీరుల శిల్పాలను చూసి ముగ్ధుడినయ్యానని ఆయన తన గ్రంథంలో చెప్పుకొన్నాడు. ఆ శిల్పాల అవయవ సౌష్ఠవమే ఆయనకు జీవితాంతం ఆదర్శమైంది.

యౌవనంలో బ్రస్సెల్స్ చేరి, అట్టిలా అనే వ్యాయామాచార్యుని వద్ద శిక్షణ పొందాడు. 1889లో లండన్ రంగస్థలంపై శాంసన్ అనే పేరుమోసిన మల్లుని బలప్రదర్శనలో ఓడించడంతో ఆయన కీర్తి ఒక్కసారిగా వ్యాపించింది. 1893లో అమెరికా వెళ్ళి చికాగోలో ప్రదర్శనలిచ్చాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వ్యాయామవిద్యను నిర్వహిస్తున్న డాక్టర్ సార్జెంట్ ఆయన శరీరాన్ని పరీక్షించి, కొలతలు తీసుకొని ప్రశంసించాడు. మరుసటి ఏడాది ఎడిసన్ సంస్థ ఆయన కండరాల కదలికలను చలనచిత్రంగా తీసింది.

బరువులెత్తి చప్పట్లు అందుకోవడంతోనే శాండో తృప్తిపడలేదు. తాను సాధించినది సామాన్యునికి కూడా సాధ్యమేనని నిరూపించాలనుకొన్నాడు. 1897లో లండన్‌లో వ్యాయామ విద్యాలయాన్ని స్థాపించాడు. అదే ఏడాది బలసాధన గురించి గ్రంథం, మరుసటి ఏడాది ఒక పత్రిక వెలువరించాడు.

ఆయన బోధనకు కొలతే పునాది. విద్యార్థి చేరగానే బరువుతోపాటు మెడ, ఛాతీ, నడుము, దండచేయి, తొడ, పిక్కల చుట్టుకొలతలను నమోదు చేసేవారు. కొన్ని నెలల తరువాత మళ్ళీ కొలిచి, రెండింటినీ పోల్చి చూసేవారు. ఈ పద్ధతిలో గొప్ప వివేకం ఉంది. త్రాసు మొత్తం బరువును మాత్రమే చూపుతుంది. అందులో కొవ్వెంతో, కండ ఎంతో చెప్పదు. బరువు మారకుండానే నడుము తగ్గి, ఛాతీ, భుజాలు పెరిగితే కొవ్వు కరిగి కండ చేరుతున్నదని ఊహించవచ్చు. నేడు కొవ్వు శాతాన్ని అంచనా వేసే సాధనాలెన్నో వచ్చాయి. అయినా, నిర్ణీత కాలానికి ఒకసారి కొలిచి, ఆ ఫలితాన్ని బట్టి ఆహారాన్ని, వ్యాయామాన్ని సవరించుకోవాలన్న సూత్రం మారలేదు.

వ్యాయామంలోనూ శాండో క్రమవృద్ధినే కోరాడు. తేలికైన డంబెల్స్‌తో, మనసు లగ్నం చేసి, ప్రతిదినం సాధన చేయమన్నాడు. మధ్యలో స్ప్రింగులు అమర్చిన డంబెల్స్‌ను రూపొందించి, బలం పెరిగినకొద్దీ స్ప్రింగుల సంఖ్య పెంచుకొనే వీలు కల్పించాడు. ఆహారం విషయంలో కఠిన నియమాలు విధించలేదు. రుచించినది మితంగా తినాలి, వేళకు తినాలి, బాగా నమలాలి, చాలినంత నిద్రపోవాలి అన్నాడు.

1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన ఘనమైన దేహదారుఢ్య పోటీ జరిపాడు. న్యాయనిర్ణేతలలో ప్రసిద్ధ రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ ఒకరు. కండల పరిమాణానికే బహుమతి ఇవ్వలేదు. అవయవాల సమతూకం, ఆరోగ్యం, చర్మకాంతి కూడా పరిగణించారు. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే ప్రథమ విజేత అయ్యాడు.

తరువాత శాండో ప్రపంచయాత్ర చేస్తూ భారతదేశానికి కూడా వచ్చాడు. ఆయన పేరు మన దేశంలో మల్లులకు బిరుదైంది; చేతులు లేని బనియనుకు శాండో బనియనన్న వాడుక తెలుగునాట నేటికీ ఉంది.

ఆయన జీవితంలో నీడలూ లేకపోలేదు. వ్యాయామంతో అనేక రోగాలు నయమవుతాయన్న ఆయన ప్రచారాన్ని నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. తన పేరుతో నడిపిన కోకో వ్యాపారం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో దెబ్బతిన్నది. 1925 అక్టోబరు 14న, 58వ ఏట, లండన్‌లో కన్నుమూశాడు. లోకమంతా పేరు మారుమ్రోగిన ఆ బలశాలి సమాధిపై దశాబ్దాల తరబడి పేరు చెక్కిన రాయి కూడా లేదు.

రాయి లేకపోయినా ఆయన బోధించిన మార్గం నిలిచింది. నేటి యువత నెల తిరగకముందే కండలు రావాలని ఆరాటపడుతున్నది. రాకపోతే సాధన మానివేస్తున్నది, లేదా ప్రమాదకరమైన మందులను ఆశ్రయిస్తున్నది. అద్దం ముందు ఆత్రపడేవారికి శాండో కొలతల పట్టిక ఓర్పు నేర్పుతుంది. ఈ నెల నడుము కొలతలో తగ్గిన అరంగుళం చిన్నదే. కాని అది నిజమైనది, స్వయంగా సంపాదించుకొన్నది.