గోల్డెన్ త్రెషోల్డ్‌లో ఒక కెమిస్టు - డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ

అబిడ్స్ జి.పి.ఓ. దగ్గర బస్సు దిగి నాంపల్లి స్టేషన్ వైపు నడిచే మన సభ్యులకు గోల్డెన్ త్రెషోల్డ్ బంగళా తెలిసే ఉంటుంది. అందరూ సరోజినీదేవి ఇల్లు అంటారు. 1905లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే ఆ ఇంటికి నిలిచిపోయింది. ముప్ఫై ఏళ్ళపాటు మొదట సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద ఆ గేటు ముందు నుంచే నేను ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయన కూడా నాలాగే కెమిస్టు అన్న సంగతి రిటైరయ్యేదాకా పట్టించుకోలేదు. ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని సంపాదకులు అడగ్గానే ఆయనే గుర్తుకొచ్చారు.

అఘోరనాథ్ గారు తూర్పు బెంగాల్‌లోని విక్రమపురం ప్రాంతంవారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, స్కాలర్‌షిప్పు మీద స్కాట్లండ్‌లోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పుడు అక్కడ రసాయనశాస్త్ర ఆచార్యుడు క్రమ్ బ్రౌన్. అణువులో పరమాణువులు ఎలా కలిసి ఉంటాయో కాగితం మీద గీసి చూపడంలో పేరుపొందినవాడు. 1870ల దశకంలో అఘోరనాథ్ గారు అక్కడ డి.ఎస్‌సి. పట్టా తీసుకున్నారు. ఆ పట్టా పొందిన తొలి భారతీయుడు ఆయనే.

1878లో హైదరాబాదు వచ్చారు. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజులు. ఆయనకు అప్పగించిన ఇంగ్లీషు పాఠశాల క్రమంగా హైదరాబాద్ కాలేజీగా, 1887లో నిజాం కాలేజీగా రూపుదిద్దుకుంది. తొలి ప్రిన్సిపాల్‌గా ఆయన పేరే చెబుతారు. ఆడపిల్లల చదువుకోసం కూడా పాటుపడ్డారు.

మరి పరిశోధన? మా వృత్తిలో అది ఒక్క తెలివితేటలతో అయ్యేది కాదు. మిల్లీగ్రాము తేడా పట్టే త్రాసు, కల్తీలేని రసాయనాలు, కొత్త జర్నల్స్ వచ్చే లైబ్రరీ, పక్కన కూర్చుని తప్పుపట్టే సాటివాడు - ఇవన్నీ కావాలి. నేను పనిచేసిన ల్యాబులో ఒకసారి త్రాసు చెడిపోతే, బాగుచేయించే ఫైలు బల్లలన్నీ తిరిగి రావడానికి రెండేళ్ళు పట్టింది. నా పిహెచ్.డి. ఆశ ఆ రెండేళ్ళలోనే అడుగంటింది. వందేళ్ళ తర్వాత నా గతి అదైతే 1878లో ఆయన గతి ఊహించుకోండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో గానీ మొదలు కాలేదు. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు.

ప్రఫుల్లచంద్ర రాయ్ గారిని పక్కన పెట్టి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఆయనా బెంగాలీయే, అదే ఎడింబరో, అదే డి.ఎస్‌సి., 1887లో. కానీ 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. జీతం చిన్నదే అయినా అక్కడ ప్రయోగశాల ఉంది. బజారులో అమ్మే నెయ్యి, ఆవనూనెల్లో కల్తీని పరీక్షించడంతో మొదలుపెట్టి, 1896లో మెర్క్యురస్ నైట్రైట్‌ను తయారుచేసి లోకంలో పేరు తెచ్చుకున్నారు. శిష్యుల పరంపరను నిలబెట్టారు. ఇద్దరిలో ఎవరు మేధావి అన్నది నా ప్రశ్న కాదు. ఒకరికి బల్ల దొరికింది, ఒకరికి దొరకలేదు.

పైగా అఘోరనాథ్ గారు తన పని చూసుకుని ఊరుకునే మనిషి కాదు. 1883లో చాందా రైల్వే పథకం వచ్చింది. లండన్‌లో పెట్టుబడి సేకరించి రైలు వేయడంవల్ల రాష్ట్రం మీద పెద్ద భారం పడుతుందని జనం భయపడ్డారు. వివరాలు బయటపెట్టమని హిందువులు, ముస్లిములు కలిసి అడిగారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారితోపాటు ఈయన కూడా ముందున్నారు. ఫలితంగా ఉద్యోగం పోయింది, ఊరి నుంచి బహిష్కరణ. భార్య వరదసుందరీదేవి, పసిపిల్లలు. పెద్దమ్మాయి సరోజినికి అప్పటికి నాలుగేళ్ళు. కొన్నేళ్ళకు తిరిగి పిలిపించారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఎలాంటిదో మన సభ్యులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అందరూ నవ్వే సంగతి. ఇంత చదివిన మనిషి ఇంట్లో పరుసవేది కోసం, అంటే బంగారం తయారుచేసే విద్య కోసం, ప్రయోగాలు చేసేవారు. ఆ విద్య తెలుసునన్న వారందరికీ ఆ ఇంటి తలుపులు తెరిచే ఉండేవి. రసాయన చర్యతో ఒక లోహం ఇంకో లోహం కాదని ఎడింబరోలో చదివినవారికి తెలియదా? తెలుసు. అయినా వదల్లేదు. రాయ్ గారు అదే రసవాదాన్ని తాళపత్రాల్లో వెదికి 1902లో హిందూ రసాయనశాస్త్ర చరిత్ర తొలి సంపుటం అచ్చువేశారు. ఈయన మూసలో పెట్టి కాల్చి చూశారు. నాకైతే నవ్వు రాదు. ల్యాబు లేని కెమిస్టు చేతులు ఊరుకోవు మరి!

కూతురిని గణితజ్ఞురాలినో, శాస్త్రవేత్తనో చేయాలని ఆశపడ్డారు. పదకొండో ఏట లెక్క తెగక ఆ అమ్మాయి పద్యం రాసింది. తర్వాత కథ అందరికీ తెలిసిందే. కొడుకుల్లో వీరేంద్రనాథ్ విదేశాల్లో విప్లవకారుడు, హరీంద్రనాథ్ కవి.

చివరిరోజుల్లో కలకత్తా చేరి, 1915 జనవరిలో కన్నుమూశారు.

1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే. తొలి వైస్ ఛాన్సలర్ గుర్‌బక్ష్ సింగ్ గారు రసాయనశాస్త్ర ఆచార్యులే. తర్వాత అది గచ్చిబౌలికి మారింది. మా మనవరాలు ఇప్పుడు అక్కడే కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పనిమీద నాంపల్లి వెళ్తూ తనను వెంటబెట్టుకెళ్ళి ఆ గేటు చూపించాను. డి.ఎస్‌సి. చేసిన ఆయన ఇక్కడ కొలిమి పెట్టారా తాతయ్యా అని అడిగింది. అవునన్నాను. తను చాలాసేపు లోపలికే చూస్తూ నిలబడింది.