తుపాను నడుమ జాడ చెప్పిన కొమ్ము రేకు

ధర్మవరం: బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త రాగానే ధర్మవరం నేతన్నల దృష్టి మగ్గం గుంతల మీదకు మళ్లుతుంది. నీరు చేరితే నేత ఆగిపోతుంది. 2021 నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటిన వాయుగుండం ఇక్కడి చిత్రావతిని పొంగించింది. హిందూపురం, పెనుకొండ ప్రాంతాల్లో చెరువు నిండేదీ, పెరికి వేసిన వేరుశనగ తడిసేదీ ఆ సుడి పట్టిన దారినిబట్టే. సుడి నడుమ ఎక్కడున్నదో గుర్తించే ఉపాయాన్ని నావికుల చేతికి అందించిన వ్యక్తి హెన్రీ పిడింగ్టన్.

1797లో ఇంగ్లండులో జన్మించిన ఆయన వర్తక నౌకలు నడిపి, అనంతరం కలకత్తాలో స్థిరపడ్డారు. నౌకా ప్రమాదాల విచారణ న్యాయస్థానానికి అధ్యక్షత వహించారు. తుపానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ ఓడకు ఏ వేళ గాలి ఎటునుంచి వీచిందో పరిశీలించేవారు. గోదావరి ముఖద్వారాన గల మన కోరంగి రేవు విషాదాన్నీ ఆయన గ్రంథస్థం చేశారు. 1789 డిసెంబరులో మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెంట ఒకటి ఆ పట్టణాన్ని ముంచెత్తాయి. మృతులు సుమారు 20 వేలని చెబుతారు. 1839 నవంబరులో మళ్లీ అదే గతి పట్టింది.

1848లో ప్రచురించిన నావికుల గ్రంథంలో ఆయన సైక్లోన్ అన్న పేరు ప్రతిపాదించారు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట దానికి మూలం. చుట్ట చుట్టుకున్న పామును చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు. గ్రంథంతోపాటు గాలి బాణాల వలయాలు గీసిన పారదర్శకమైన కొమ్ము రేకులు ఇచ్చారు. రేకును పటంపై జరుపుతూ, ఓడ ఉన్నచోట బాణం అసలు గాలితో సరిపోయేలా ఉంచితే రేకు నడిబొడ్డు తుపాను కేంద్రం ఏ దిక్కున ఉన్నదో చూపుతుంది. దూరం మాత్రం అంచనాయే.

నేడు ఆ పని ఉపగ్రహాలు చేస్తున్నాయి. పైనున్న మేఘాల కప్పు మామూలు చిత్రాల్లో కేంద్రాన్ని తరచు దాచేస్తుంది. మైక్రోవేవ్ తరంగాలు మేఘాన్ని దాటగలవు. శ్రీహరికోట నుంచి 2016లో వెళ్లిన స్కాట్‌శాట్-1, 2022లో వెళ్లిన ఈఓఎస్-06 ఈ తరంగాలను సముద్రంపైకి పంపి, అలలపై చెదిరి తిరిగివచ్చిన దానినిబట్టి గాలి వేగం, దిశ లెక్కగట్టేలా రూపొందాయి. గాలులు దేని చుట్టూ తిరుగుతున్నాయో అదే కేంద్రం. ఒక్క ఓడ గాలి బదులు కడలి మీది గాలులన్నీ అన్నమాట.

పిడింగ్టన్ మాట పాలకులు వినలేదు. కలకత్తాకు దిగువన మాతలా నది ఒడ్డున కొత్త రేవు కడితే ఉప్పెన తుడిచిపెడుతుందని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశారు. రేవు కట్టారు. ఆయన 1858లో కలకత్తాలో కన్నుమూశారు. 1867 నవంబరు తుపాను పోర్ట్ కానింగ్‌ను దెబ్బతీసింది. కొన్నేళ్లకే ఆ రేవును వదిలేశారు.