ఊపిరి అందని ఆ రాత్రి.. ఎక్మోకు బాట వేసిన డాక్టర్ గిబ్బన్ కథ

నిండు గర్భిణి. న్యుమోనియా ముదిరింది. వెంటిలేటర్ పెట్టినా ఆక్సిజన్ అందడం లేదు. అప్పుడు డాక్టర్ల నోట వినిపించే ఆఖరి పేరు ఎక్మో. 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి పెట్టింది కూడా ఇదే. రక్తాన్ని బయటకు తీసి, ఆక్సిజన్ ఎక్కించి, మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది? అమెరికా సర్జన్ జాన్ గిబ్బన్‌ది.

గిబ్బన్ 1903లో ఫిలడెల్ఫియాలో, డాక్టర్ల ఇంట్లోనే పుట్టారు. 1930ల మొదట్లో బోస్టన్‌లో ఉన్నప్పుడు ఓ మహిళకు పిత్తాశయం ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల రక్తనాళానికి గడ్డ అడ్డుపడింది. రాత్రంతా ఆమె మంచం పక్కనే ఉన్నారాయన. నాడి చూడటం, బీపీ రాయడం.. అంతకుమించి చేయగలిగింది లేదు. నల్లబడుతున్న ఆ రక్తాన్ని కాసేపు బయట శుభ్రం చేసి పంపగలిగితే? అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. తెల్లారాక ఆపరేషన్ చేశారు. ఆమె బతకలేదు.

ఆ ఆలోచనను మాత్రం ఆయన వదల్లేదు. భార్య మేరీ ల్యాబ్‌లో సగం పని చేసింది. ప్రయోగాల కోసం వీధి పిల్లుల్ని పట్టుకొచ్చేవారట! 1935లో ఓ పిల్లిని మెషీన్ మీద బతికించారు. యుద్ధంతో పని ఆగింది. తర్వాత ఐబీఎం కంపెనీ సాయం చేసింది. 1953 మే 6న గుండెలో రంధ్రమున్న 18 ఏళ్ల అమ్మాయిని 26 నిమిషాలు మెషీన్ మీద ఉంచి ఆపరేషన్ చేశారు. ఆమె బతికింది.

తర్వాతి ఇద్దరు చిన్నారులు చనిపోయారు. దాంతో గిబ్బన్ ఇక ఆ మెషీన్‌తో ఆపరేషన్లు మానేశారు. ఇది ఓటమి అని మనకనిపించొచ్చు, కానీ పని ఇతరుల చేతుల్లో సాగింది. ఆయన మెషీన్‌లో రక్తం నేరుగా ఆక్సిజన్‌కు తగిలేది. గంటల కొద్దీ నడిపితే రక్తకణాలు దెబ్బతినేవి. మధ్యలో పల్చటి పొర పెట్టాకే రోజుల తరబడి నడపడం వీలైంది. 1971లో అలా ఓ యువకుడు బతికాడు. 1973లో టెన్నిస్ ఆడుతూ గుండెపోటుతో గిబ్బన్ కన్నుమూశారు.

గర్భిణుల విషయంలో డాక్టర్లు చాలాకాలం జంకారు. రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలి, ప్రసవంలో రక్తస్రావం ఆగకపోతే? 2009 స్వైన్ ఫ్లూ సమయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో గర్భిణులకు, బాలింతలకు ఎక్మో పెట్టారు. వారిలో చాలామంది బతికారు.

ఈ వైద్యం ఇప్పటికీ ఎక్కువగా పెద్ద నగరాల్లోనే. మన అనంతపురం వాళ్లకు బెంగళూరు 200 కిలోమీటర్లకు పైనే. ఆయాసం మొదలైన గర్భిణికి ఆ దారి చిన్నదేం కాదు.