తప్పుకోవడం నేర్చిన ఛాంపియన్

యోషియో షిరాయి 2003 డిసెంబర్ 26న ఎనభయ్యో ఏట కన్నుమూశారు. బాక్సింగ్‌లో జపాన్‌కు తొలి ప్రపంచ ఛాంపియన్ ఆయనే. ఆయనకంటే గట్టిగా గుద్దినవాళ్లూ, ఎక్కువకాలం బెల్టు నిలుపుకున్నవాళ్లూ ఆ దేశంలో తర్వాత చాలామందే వచ్చారు. అయినా అక్కడ బాక్సింగ్ దినం మే 19నే. షిరాయి గెలిచిన రోజది.

1923 నవంబర్‌లో టోక్యోలో పుట్టారు. మహాభూకంపం ఆ నగరాన్ని కాల్చి బూడిద చేసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. చిన్నతనంలో తిరునాళ్లలో ఒక కంగారూతో గుద్దులాటకు దిగారనీ, ఆ సరదాయే బాక్సింగ్ వైపు లాగిందనీ చెబుతారు. ఛాంపియన్ల జీవితకథల్లో ఇంతకంటే మంచి తొలి ప్రత్యర్థి నాకెక్కడా తగల్లేదు. 1943లో ప్రొఫెషనల్ అయ్యారో లేదో యుద్ధం నౌకాదళంలోకి లాక్కుపోయింది. తిరిగొచ్చేసరికి నడుం దెబ్బతింది. ఊళ్లో తిండికి కటకట. ఆట మానేయడం ఒక్కటే మిగిలినట్టుంది.

అప్పటి జపాన్ కుర్రాళ్లకు ఆరాధ్యుడు పిస్టన్ హొరిగుచి. రెండు చేతులూ ఆపకుండా ఆడిస్తూ, తగిలిన దెబ్బల్ని లెక్కచేయకుండా ముందుకే నడిచేవాడు. వరసగా 47 విజయాలు ఆయన పేరిట ఉన్నాయి. వెనక్కి తగ్గడం, పక్కకు ఒరగడం పిరికితనమనిపించుకునే కాలమది. చూసేవాళ్లకు వినోదమే. ఒళ్లు మాత్రం ఎవరిదైనా ఒళ్లేగా.

1948లో టోక్యోలో ఒక జిమ్‌కు ఆల్విన్ కాన్ అనే అమెరికన్ వచ్చాడు. యుద్ధంలో గెలిచి జపాన్‌ను ఆక్రమించిన సైన్యపు ప్రధాన కార్యాలయంలో సహజవనరుల విభాగంలో ఉద్యోగి, చదువుకు జంతుశాస్త్రజ్ఞుడు. బాక్సర్ కాదు. సాధన చేస్తున్న షిరాయిని చూసి, ఆ పొడవాటి చేతుల్లో, సరిగ్గా పడాల్సిన క్షణంలో పడే గుద్దులో ఏదో పసిగట్టాడు. శిక్షణ ఇస్తానన్నాడు.

ముందు చేయించింది గుద్దడం కాదు, తినడం. టోక్యో జనం చిలగడదుంపలతో పొట్ట నింపుకుంటున్న రోజుల్లో మాంసం, పాలు, విటమిన్లు తెచ్చి పెట్టాడు. నడుం నయం చేయించాడు. ఆ తర్వాతే ఆట. అదీ హొరిగుచి దారికి పూర్తిగా ఎదురు: దూరం చూసుకో, ఎడమచేత్తో జాబ్ వేయి, కొట్టాక అక్కడ నిలబడకు, దెబ్బ తినకు. పొడుగుచేతుల మనిషికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు. కానీ దాన్ని ఒక ప్రొఫెసర్ కనిపెట్టాల్సి వచ్చింది. 1949లోనే షిరాయి జపాన్ ఫ్లైవెయిట్, బాంటమ్‌వెయిట్ బెల్టులు రెండూ గెలిచారు.

ఫ్లైవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అప్పుడు హవాయికి చెందిన డాడో మరీనో. 1951 మేలో టోక్యోలో, బెల్టు పందెంలో లేని పోటీలో అతనిచేతిలో షిరాయి స్వల్ప తేడాతో ఓడారు. డిసెంబర్‌లో హొనొలులు వెళ్లి అతన్ని ఏడో రౌండ్‌లో మట్టికరిపించారు. ఇక మరీనోకు బెల్టు కోసం తలపడనివ్వక తప్పలేదు. ప్రపంచ టైటిల్ పోటీ జరపాలంటే నియంత్రణ సంస్థ ఉండాలి కాబట్టి 1952 ఏప్రిల్‌లో జపాన్ బాక్సింగ్ కమిషన్ పుట్టింది. అదే నెల 28న శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం అమల్లోకి వచ్చి ఆక్రమణ ముగిసింది. మూడు వారాలకు, మే 19న, కొరాకుయెన్ బేస్‌బాల్ మైదానంలో దాదాపు నలభై వేలమంది ముందు పదిహేను రౌండ్లు ఆడి, న్యాయనిర్ణేతలందరి తీర్పుతో షిరాయి గెలిచారు. నీ కోసం కాదు, నీ దేశం కోసం ఆడమని కాన్ ఆ రోజు చెప్పాడంటారు. ఓడిన దేశం ఆ గెలుపును తన ఖాతాలో రాసుకుంది. రాసుకోనీ. నాకు మాత్రం అది ముందుగా ఇద్దరు మనుషుల గెలుపు. అందులో ఒకడు గెలిచిన సైన్యం జీతం తీసుకున్నవాడు.

బెల్టును నాలుగుసార్లు కాపాడుకున్నారు. 1953 అక్టోబర్‌లో టెరీ అలెన్‌తో పోటీ జరిగే వేళకు టోక్యో కూడళ్లలో టెలివిజన్లు వెలిశాయి. ఇంట్లో సెట్టు కొనలేని జనం వీధిలో నిలబడి ఆ పోటీ చూశారు.

ఆపైన అర్జెంటీనా నుంచి పాస్కువల్ పెరెస్ వచ్చాడు. ఐదడుగులు కూడా లేని మనిషి, 1948 లండన్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత. 1954 నవంబర్‌లో టోక్యోలో పాయింట్లమీద బెల్టు పట్టుకుపోయాడు. 1955 మే 30న మళ్లీ తలపడితే ఐదో రౌండ్‌లో నాకౌట్. షిరాయి అక్కడితో గ్లవ్స్ విప్పేశారు. జపాన్‌కు మళ్లీ ప్రపంచ ఛాంపియన్ దొరకడానికి 1962 దాకా పట్టింది. ఫైటింగ్ హరాడా గెలిచినదీ ఇదే ఫ్లైవెయిట్ బెల్టు.

చాలామంది ఛాంపియన్ల కథ ఆటతోపాటే ఆగిపోతుంది, లేదా అప్పుల్లోకి జారుతుంది. షిరాయి కథలో నాకిష్టమైన భాగం ఆ తర్వాతిదే. కాన్ అమెరికా తిరిగి వెళ్లలేదు. పిల్లలు లేరు. ముసలితనంలో మతిమరుపు ముదిరింది. షిరాయి దంపతులే కనిపెట్టుకుని చూసుకున్నారు, 1971లో పోయేదాకా. ఒకప్పుడు తన ఎదుట పళ్లెం పెట్టి తినమన్న మనిషికి తినిపించాల్సిన రోజులవి. ఉన్న ఆస్తిని కాన్ షిరాయికే రాసిచ్చాడు.

1995లో మరో మాజీ ఛాంపియన్ యోకో గుషికెన్ పేరుతో కలిపి షిరాయి పేరున టోక్యోలో జిమ్ వెలిసింది. 2017లో ఆ జిమ్ కుర్రాడు డైగో హిగా డబ్ల్యూబీసీ ఫ్లైవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అప్పటిదాకా ఆడిన ప్రతి పోటీనీ నాకౌట్‌తోనే ముగించినవాడు. ముందుకే నడుస్తూ, గుద్దుతూనే, అచ్చం హొరిగుచి బాణీ. షిరాయి ఉంటే గార్డు పైకెత్తమని కేకేసేవారే.