నికొలో పగనీని

ఫిడేలు సముద్రము దాటి వచ్చిన వాద్యమే యైనను, ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వంటి విద్వాంసుల చేతిలో మనదే యైనది. ఆ వాద్యముతో ఐరోపాఖండము నెల్ల ఆశ్చర్యమున ముంచిన పగనీని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇతడు 1782వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన ఇటలీ యందలి జెనోవా పట్టణమున సామాన్య కుటుంబమున జన్మించెను. తండ్రి ఐదవయేట మాండొలినును, ఏడవయేట ఫిడేలును చేతికిచ్చెను. సాధన చాలని దినమున బాలునకు అన్నము పెట్టెడివాడు కాడని చెప్పుదురు. యౌవనమున జూదమునకు లోబడి చాల ధనము పోగొట్టుకొనెను. పిదప దాని నుండి మరలెను. 1820లో ముద్రితమైన ఇతని 24 కాప్రిచ్చీలు నేటికిని ఫిడేలు విద్యార్థులకు కఠిన పరీక్షలే. 1828లో వియన్నాయందును, 1831లో పారిసు, లండను నగరములందును ఇతని కచేరీలకు జనులు విరగబడిరి.

ఇతని చేయి పెద్దది కాదు. అయినను వేళ్లు ఇతరులకు అసాధ్యమగునంత సాగుచుండెను. కృశించిన దేహమును, పాలిపోయిన ముఖమును, ఆ వింతచేతిని చూచి, ఇతడు సైతానునకు ఆత్మను అమ్ముకొనెనని లోకులు వదంతి పుట్టించిరి. తాను మనుష్యులకే పుట్టితినని చూపుటకై తల్లి వ్రాసిన లేఖను ప్రకటింపవలసి వచ్చెనన్న, ఆ వదంతి యెంత ప్రబలెనో ఊహింపుడు! 1831లో బెన్నాటి యను వైద్యుడు ఇతనిని పరీక్షించి, కీళ్లను పట్టియుంచు బంధనములు అసాధారణముగ సాగుటయే ఆ నేర్పునకు ఒక కారణమని తెలిపెను.

చర్మము సాగి, కీళ్లు మితిమీరి వంగి, చిన్న దెబ్బకే ఒడలు కమిలెడి స్థితిని 1901లో డెన్మార్కు వైద్యుడు ఏలర్సును, 1908లో ఫ్రెంచి వైద్యుడు దాన్లోయు వర్ణించిరి. వారి పేరనే అది ఏలర్సు-దాన్లో వ్యాధి యనబడుచున్నది. ఇది అంటువ్యాధి కాదు, వంశమున వచ్చునది. చర్మమునకును కీళ్లకును బిగువునిచ్చు కొలాజెన్ అను పదార్థములోని లోపమే దీనిలో పెక్కు రకములకు మూలము. ఆ కొలాజెన్ ముప్పేట త్రాటివలె నుండునని 1954లో మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనువారు తెలిపిరి. పగనీనికి ఈ వ్యాధి యుండెనని కొందరు వైద్యులును, దీనిని బోలిన మార్ఫాను వ్యాధి యుండెనని కొందరును తలంతురు. నిశ్చయముగ చెప్పుటకు ఆధారము లేదు.

కడపటి యేండ్లలో పగనీని రోగపీడితుడై కంఠస్వరమును సైతము కోల్పోయెను. కుమారుడు అశీల్ తండ్రి పెదవుల కదలికను చూచి మాటలు చెప్పుచుండెను. ఆ దశయందే, 1838లో, ఇబ్బందులలోనున్న బెర్లియోజ్ అను సంగీతకర్తకు 20,000 ఫ్రాంకులు బహూకరించెను. 1840 మే 27న నీసు నగరమున మరణించెను. అంత్యసంస్కారములు పొందలేదని అచటి బిషపు సమాధికి అనుమతి నిరాకరించెను. శవపేటిక పలుచోట్లకు మారి, తుదకు 1876లో పార్మా శ్మశానవాటికకు చేరెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, కలము గట్టిగ పట్టలేక దస్తూరి చెడగొట్టుచున్న యొక బాలుని సోమరియని మందలించితిని. వాని తల్లి వచ్చి, తన వేళ్లును అట్లే వెనుకకు వంగుటను చూపినప్పుడు సిగ్గుతో తలవంచితిని. సికిందరాబాదు బాలబాలికలారా! వేళ్లు వంచి చూపుమని తోటివానిని బలవంతపెట్టి నవ్వకుడు. ఆ వినోదము వానికి నొప్పి కావచ్చును. తలిదండ్రులారా! కీళ్లు మాటిమాటికి తొలగెడి బిడ్డను గద్దింపక వైద్యునకు చూపుడు. పగనీని చేతిలో సైతానును చూచిన లోకమునకును, ఆ బాలుని చేతిలో సోమరితనమును చూచిన నాకును భేద మేమున్నది?